నిమ్మకాయ కట్టిన అద్దె బండి

గత జనవరిలో నేనూ, మా అక్క కొడుకూ చెరొక మోటారు సైకిలు అద్దెకు తీసుకుని జంగల్‌మహల్ తిరిగి రావడానికి బయల్దేరాం. మూడు రోజుల ప్రయాణం. నేను బండి మీదే తిరిగొచ్చాను. వాడు భుజానికి కట్టుతో రైల్లో వచ్చాడు.

పరామర్శకు వచ్చినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఒకే మాట అన్నారు. "అమ్మవారి దయ. కాలర్ ఎముకతో పోయింది. లేకపోతే ఏమయ్యేదో!" వెనక వీధి వదినగారు ఇంకో అడుగు ముందుకేసి, మేం బయల్దేరింది మంగళవారమని గుర్తుచేశారు. "మీరు హేతువాదులు కదా, మీకు చెప్పినా ఎక్కదులెండి" అని కాఫీ తాగి వెళ్లిపోయారు.

నాకు ఎక్కనిది ఏమిటో, ఎందుకు ఎక్కదో రాసి పెడదామని ఈ వ్యాసం మొదలుపెట్టాను.

నా గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడి రైల్వే కార్ఖానాలో ఫిట్టరుగా చేరారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ మా వైపు జనం ఇలాగే వచ్చి స్థిరపడ్డారు. మథురాకాటి, నీంపురా వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. నేను బి.కాం. చదివి డిఫెన్స్ అకౌంట్స్ శాఖలో చేరాను. ముప్పై ఏళ్లకు పైగా మిలిటరీవాళ్ల ఖర్చులు తనిఖీ చేసి రిటైరయ్యాను.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్న ఒక విషయం ఈ వ్యాసానికి పనికొస్తుంది. ఏ యూనిట్‌లోనైనా ప్రభుత్వ సొత్తు పోతే, అది టైరైనా సరే, జీపైనా సరే, లాస్ స్టేట్‌మెంట్ అనే కాగితం తయారవుతుంది. అందులో నష్టాన్ని రెండు రకాలుగా విడగొడతారు. దొంగతనం, మోసం, నిర్లక్ష్యం వల్ల జరిగినది ఒక రకం. అవి లేకుండా జరిగినది రెండో రకం. గాలివానకి గోదాము రేకులు ఎగిరిపోయాయనుకోండి, అది రెండో గడిలోకి వెళ్తుంది. అయితే ఊరికే వెళ్లదు. విచారణ జరగాలి, కారణం రాయాలి, అధికారం ఉన్నవాడు సంతకం పెట్టాలి. 'దేవుడి లీల' అని రాయడానికి మూడో గడి లేదు. నా సర్వీసులో పొద్దున్నే బల్లకి అగరొత్తులు వెలిగించి కానీ ఫైలు ముట్టని అధికారుల్ని ఎంతోమందిని చూశాను. వాళ్లెవరూ ఆ మూడో గడి కావాలని అడగలేదు. డబ్బు విషయంలో అందరూ హేతువాదులే. ప్రాణం దగ్గరకొచ్చేసరికి మూడో గడి తెరుస్తారు.

ఇక బండి సంగతి.

మా మేనల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ముప్పై ఐదేళ్లుంటాయి. వాడికి ఈ మధ్య మోటారు సైకిలు యాత్రల పిచ్చి పట్టింది. మన దేశంలో రాళ్లలో రప్పల్లో నడిచే బండ్లు ఒకప్పుడు అరుదు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ వచ్చాక అవి మధ్యతరగతికి అందాయి. కొనలేనివాళ్లకు అద్దెకిచ్చే కొట్లు వెలిశాయి. ఒకప్పుడు మనాలీ, గోవాల్లో విదేశీయులు బుల్లెట్లు అద్దెకు తీసుకుని 'అసలైన ఇండియా' చూడ్డానికి బయల్దేరేవారు. ఇప్పుడు మన నగరాలవాళ్లే మన పల్లెలకి అలా బయల్దేరుతున్నారు. విదేశీయుడికి ఇండియా ఎలాగో, హైదరాబాదు కుర్రాడికి పురూలియా అలాగన్నమాట.

నాకూ సరదా లేకపోలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇతరుల వాహనాల లాగ్ బుక్కులు చూశాను తప్ప, నాకంటూ నాలుగు వందల కిలోమీటర్లు బండి నడిపింది లేదు. సరేనన్నాను.

కొట్టు ఏ ఊళ్లో ఉందో, దాని పేరేమిటో చెప్పను. బండి ఏ కంపెనీదో కూడా అనవసరం, తప్పు కంపెనీది కాదు. ముందు చక్రం పెద్దది, సీటు ఎత్తు, నేలకీ ఇంజనుకీ మధ్య జానెడు ఖాళీ. హ్యాండిలుకి ఎర్ర దారం చుట్టి ఉంది. హెడ్‌లైటు కింద నిమ్మకాయ, ఏడు మిరపకాయలు వేలాడుతున్నాయి. ట్యాంకు మీద కాళీమాత స్టిక్కరు. నేను ముందుగా చూసింది వాటిని కాదు, నంబరు ప్లేటు. తెల్ల ప్లేటు మీద నల్ల అంకెలు. అంటే సొంత వాడకానికి రిజిస్టరైన బండి. అద్దెకిచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అంకెలు ఉండాలి. మోటారు సైకిళ్లు అద్దెకివ్వడానికి 1997 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటి ఉంది, లైసెన్సు తీసుకోవాలి. సొంత వాడకానికని ఇన్సూరెన్సు చేసిన బండిని అద్దెకి తిప్పితే, ప్రమాదం జరిగిన రోజున కంపెనీ నష్టపరిహారం ఇవ్వననడానికి ఆస్కారం ఉంది.

ఇన్సూరెన్సు కాగితం చూపించమన్నాను. కొట్టు కుర్రాడు ఫోన్లో ఏదో ఫొటో చూపించాడు, తేదీ కనపడకుండా.

"బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చారు?" అని అడిగాను.

"కాకూ, మీరేం బెంగపడకండి" అన్నాడు. బెంగాలీలో కాకు అంటే బాబాయి. "ప్రతి శనివారం నిమ్మకాయ మారుస్తాం. ఇంతవరకు మా బండి ఒక్కదానికీ ఏమీ కాలేదు."

"నిమ్మకాయ మార్చిన రోజు చెప్పావు బాబూ. బ్రేకు ఆయిల్ మార్చిన రోజు చెప్పు."

కుర్రాడు నవ్వాడు. మా మేనల్లుడు ఇబ్బందిగా నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లాడు. "మామయ్యా, మూడు రోజుల అద్దెకి ఇంత ఆడిట్ ఎందుకు? నేను రివ్యూలు చూశాను. అందరూ బాగుందనే రాశారు."

నేను ఒప్పుకున్నాను. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

మొదటి రోజు లోధాశులి మీదుగా ఝాడ్‌గ్రాం, అక్కణ్నుంచి బేల్‌పహాడీ. రోడ్డుకి రెండు పక్కలా గుగ్గిలం చెట్ల అడవి, ఇక్కడ శాల్ అంటారు. బేల్‌పహాడీ దాటి కాంక్రాఝోర్ వైపు వెళ్లేసరికి మావాడు తారు రోడ్డు వదిలి, పక్కనున్న ఎర్రమట్టి బాట పట్టాడు. గోతులు, రాళ్లు, ఎండిన వాగు. పెడళ్ల మీద నిలబడి నడుపుతూ కేకలు పెట్టాడు. నిజం చెప్పాలంటే నాకూ హుషారుగానే ఉంది. అరవై దాటినవాడికి అంతకంటే మంచి వ్యాయామం లేదు.

ఒక మలుపు దగ్గర ఆగాం. తలమీద ఎండుకట్టెల మోపుతో ఒకామె అదే బాటలో వస్తోంది. వెనక చిన్నపిల్ల. మావాడు బెంగాలీ రాక హిందీలో అడిగాడు, ఈ ఆఫ్-రోడ్ ఎంత దూరం ఉంటుందని. ఆమెకి అర్థం కాలేదు. నేను బెంగాలీలో, "ఈ దారి ఎక్కడికి పోతుందమ్మా?" అన్నాను. "ఎక్కడికీ పోదు బాబూ, మా ఊరికి పోతుంది. ఇదే రోడ్డు" అంది.

మావాడికి ఆఫ్-రోడ్. ఆమెకి రోడ్డు. ఆ బాటలోనే వాళ్ల పిల్లలు బడికెళ్తారు, నొప్పులొచ్చిన ఆడవాళ్లు ఆసుపత్రికెళ్తారు. మేం కాంక్రాఝోర్ దగ్గర ఉన్నామంటే ఆమ్లాశోల్‌కి దగ్గర్లో ఉన్నామన్నమాట. 2004లో ఆకలి చావుల వార్తలతో ఆ ఊరి పేరు దేశమంతా వినపడింది. ఆ రోజుల్లో పత్రికలవాళ్లు ఆ ఊరికి చేరడానికి పడ్డ అవస్థ కూడా వార్తే. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైనప్పుడు పెట్టిన లెక్క ఏమిటంటే, మైదాన ప్రాంతాల్లో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది జనాభా ఉన్న ఆవాసాలకి రోడ్డు. అంతకంటే చిన్న పల్లె ఆ లెక్కలో పడదు. తర్వాత చాలా రోడ్లు వచ్చాయి, నేను కాదనను. మేం వెళ్లిన పెద్ద దారులన్నీ తారు వేసినవే. కానీ మాలాంటి సరదా యాత్రికులు వెతుక్కుంటూ పోయేది, ఇంకా రోడ్డు రాని బాటల్నే. ఒకరి కొరత మనకు వినోదం.

బండి నడపడం తప్పని నేననడం లేదు. 1952లో చే గువేరా, అతని మిత్రుడు అల్బెర్టో గ్రనాదో పాత నార్టన్ 500 మీద దక్షిణ అమెరికా చూడ్డానికి బయల్దేరారు. ఆ బండి దారిపొడుగునా చెడిపోతూ, చివరికి చిలీలో పూర్తిగా మూలపడింది. తర్వాత కాలినడకన, లారీలెక్కి పోయారు. చుకికమాతా రాగి గనుల కూలీల్ని, పెరూలో కుష్ఠురోగుల ఆవాసాన్ని చూసింది ఆ తర్వాతే. బండి ఆగాకే దేశం కనపడింది. అతని రాజకీయాలతో ఏకీభవించనివాళ్లు కూడా ఈ ముక్క ఒప్పుకోవచ్చు.

రెండో రోజు బందోవాన్, బలరాంపూర్, బాగ్‌ముండి మీదుగా బేగున్‌కోదర్ చేరాం. ఇది మావాడి కోరిక. అంతర్జాలంలో 'దేశంలోకెల్లా భయంకరమైన దయ్యాల స్టేషన్లు' అన్న జాబితా ఏది చూసినా ఈ పేరు ఉంటుంది. కథ ఇది. 1960లో స్టేషను తెరిచారు. 1967లో స్టేషను మాస్టరుకి పట్టాల మీద తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి కనపడిందని, ఆ తర్వాత ఆయన చనిపోయాడని చెప్పుకున్నారు. అక్కడ పనిచేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. స్టేషను మూసేశారు. తిరిగి 2009లో తెరిచారు.

లెక్క వేయండి. 42 సంవత్సరాలు. ఆ 42 ఏళ్లూ రైళ్లు ఆ ఊరి పక్కనుంచే వెళ్లాయి, ఆగలేదు. రైలెక్కాలంటే ఇంకో స్టేషనుకి పోవాలి. ఒక దయ్యం కథ ఖరీదు, ఒక తరం జనం నడిచిన నడక. ఈ ఖర్చు ఏ జాబితాలోనూ రాయరు. 2017 డిసెంబరులో బెంగాల్ హేతువాదులు కొందరు రాత్రంతా ఆ స్టేషన్లో కాపలా కాశారు. దయ్యం రాలేదు. పొదల చాటు నుంచి భయపెట్టబోయిన మనుషులు మాత్రం దొరికారు. మన కోవూరు గారు బతికి ఉంటే ఎంత సంతోషించేవారో!

నా ఊహ ఒకటి చెబుతాను, ఊహగానే తీసుకోండి. నేను ప్రభుత్వోద్యోగిని. మారుమూల పోస్టింగు తప్పించుకోవడానికి ఉద్యోగులకు ఎన్ని జబ్బులు వస్తాయో చూశాను. జబ్బుకి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. దయ్యానికి అక్కర్లేదు.

మేం వెళ్లిన సాయంత్రం నలుగురైదుగురు కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని చీకటి పడటం కోసం ఎదురు చూస్తున్నారు. ప్లాట్‌ఫారం మీద కూర్చున్న ఒక ముసలాయన వాళ్లని చూపించి నాతో అన్నాడు: "వీళ్లకి దయ్యం కావాలి. మాకు రైలు కావాలి." ఆ రాత్రి అయోధ్య కొండ మీద బస చేస్తూ కూడా ఆ మాటే తలచుకున్నాను.

మూడో రోజు పొద్దున్న కొండ దిగుతున్నాం. మలుపుల దారి. నేను రెండో గేరులో, ఇంజను పట్టు మీద నెమ్మదిగా దిగుతున్నాను. మావాడు నాకు ముందు, వేగంగా, వెనక బ్రేకు మీద కాలు తీయకుండా దిగుతున్నాడు. ఒక మలుపులో వాడి బండి తిరగాల్సిన చోట తిరగలేదు. నేరుగా పోయి రోడ్డు పక్క కంకర్లో పడింది.

నేను పరుగెత్తుకెళ్లేసరికి వాడు కూర్చుని ఉన్నాడు. "మామయ్యా, పెడల్ లోపలికి వెళ్లిపోయింది, బ్రేకు లేదు" అన్నాడు. కుడిచెయ్యి లేవలేదు. హెల్మెట్ కుడి పక్క, చెవి పైన, గచ్చు మీద కొబ్బరి చిప్ప గీసినట్టు అరిగిపోయి ఉంది.

ఎందుకు పోయింది బ్రేకు? తర్వాత మా ఊరి మెకానిక్ చేత చూపించాను. వెనక ప్యాడ్లు ఇనుము దాకా అరిగిపోయాయి. బ్రేకు ఆయిల్ నల్లగా ఉంది. బ్రేకు ఆయిల్‌కి గాలిలోని తేమ పీల్చుకునే గుణం ఉంది. అందుకే కాలపరిమితి పెట్టి మార్చమంటారు. మార్చకపోతే అందులో నీరు చేరుతుంది, మరిగే ఉష్ణోగ్రత తగ్గిపోతుంది. దిగుడులో బ్రేకు నొక్కి పట్టుకుంటే బండి వేగమంతా వేడిగా మారి డిస్కునీ, ఆయిల్‌నీ కాలుస్తుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, అందుకే బ్రేకు పనిచేస్తుంది. ఆవిరి కుదించుకుపోతుంది. కాలు పెడల్‌ని నొక్కుతుంది, పెడల్ బుడగల్ని నొక్కుతుంది, చక్రానికి ఏమీ చేరదు. ఇదీ జరిగింది. ఇందులో మంగళవారం పాత్ర ఎక్కడుంది? నిమ్మకాయ పాత్ర ఎక్కడుంది? అది ముందు భాగాన చెక్కు చెదరకుండా వేలాడుతూనే ఉంది.

మమ్మల్ని ఆసుపత్రికి చేర్చింది ఒక ఇంజను వ్యాన్ ఆయన. సైకిలు రిక్షా బండికి పంపుసెట్టు ఇంజను బిగించినట్టుండే వాహనం. బస్తాలు దింపేసి మావాడిని పడుకోబెట్టుకుని తీసుకెళ్లాడు. డబ్బు ఇవ్వబోతే డీజిలుకి మాత్రం తీసుకున్నాడు. దారిలో మాటల్లో చెప్పాడు, మూడేళ్ల క్రితం ఆయన తమ్ముడు ఆ పక్క రోడ్డు మీదే బండి మీంచి పడి పోయాడట. హెల్మెట్ లేదా అని అడిగాను. తల నిమురుకుని "కపాల్" అన్నాడు. బెంగాలీలో కపాల్ అంటే నుదురు. తలరాత అని అర్థం.

నేను ఆ మాటకి ఏం జవాబు చెప్పలేదు. తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషితో వాదించడం హేతువాదం కాదు, మొరటుతనం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. కొట్టు కుర్రాడు 'అమ్మ చూసుకుంటుంది' అన్నాడు. మా మేనల్లుడు 'థ్రిల్' అన్నాడు. ఈయన 'కపాల్' అన్నాడు. మూడు మాటలూ వేరుగా కనపడతాయి. మూడూ చేసే పని ఒకటే. లెక్క అడగకుండా ఖాతా మూసేస్తాయి. తేడా ఏమిటంటే, థ్రిల్ అన్నవాడు బండి తిరిగిచ్చేసి ఇంటికి పోతాడు. కపాల్ అన్నవాడు ఆ రోడ్డు మీదే ఉంటాడు.

దయ సంగతి అంకెల్లో చూద్దాం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలవాళ్లు. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029. ఈ యాభై వేలమందిలో నిమ్మకాయ కట్టుకున్నవాళ్లు ఎంతమందో, దారంలో తాయెత్తు ఉన్నవాళ్లు ఎంతమందో ఎవరూ లెక్క తీయలేదు. మనమంతా చూస్తూనే ఉన్నాం కదా, దేశంలో సగం బండ్లకి ఏదో ఒకటి కట్టి ఉంటుంది. తిరిగొచ్చినవాడు 'అమ్మ దయ' అని చెబుతాడు. తిరిగి రానివాడు ఏమీ చెప్పలేడు. ఒక పక్క పద్దులే రాసి రెండో పక్క ఖాళీ వదిలేస్తే ఏ ఖాతా అయినా లాభమే చూపిస్తుంది. కామర్స్ మొదటి సంవత్సరం విద్యార్థి కూడా దాన్ని ఒప్పుకోడు.

హెల్మెట్ సంగతి వేరు. దానికి రెండు పక్కలా లెక్క తీశారు. కాక్రేన్ సంస్థ 2008లో ప్రచురించిన సమీక్షలో 61 అధ్యయనాల్ని కలిపి చూశారు. హెల్మెట్ వల్ల మరణం ముప్పు 42 శాతం, తల గాయం ముప్పు 69 శాతం తగ్గుతుందని తేల్చారు. నూటికి నూరు అని ఎవరూ అనలేదు. ఎంత కాపాడుతుందో, ఎంత కాపాడదో రెండూ చెప్పారు. నిమ్మకాయకి అలాంటి నిజాయితీ ఎప్పుడైనా ఉందా?

రాజస్థాన్‌లో పాలీ దగ్గర 'బుల్లెట్ బాబా' గుడి ఉంది. 1988లో ఓం సింగ్ రాఠోడ్ అనే యువకుడు బుల్లెట్ మీద పోతూ చెట్టుకి గుద్దుకుని చనిపోయాడు. ఆ బుల్లెట్‌ని గాజు అరలో పెట్టి పూజిస్తున్నారు. పోలీసు స్టేషనుకి తీసుకెళ్తే బండి తనంతట తనే తిరిగొచ్చిందని కథ. ఆ దారిన పోయేవాళ్లు ఆగి, క్షేమంగా చేర్చమని మొక్కుతారు. కొందరు మద్యం నైవేద్యం పెడతారు. తన యజమానినే కాపాడలేని బండి దారినపోయేవాళ్లని ఎలా కాపాడుతుందన్న ప్రశ్న అక్కడ ఎవరికీ రాదు. రోడ్డు పక్క దేవుడికి మందు పోసి మళ్లీ బండెక్కడంలో ఉన్న ప్రమాదం కూడా తోచదు.

మా నాన్న నాస్తికుడు కాదు. సెప్టెంబరు 17న కార్ఖానాలో విశ్వకర్మ పూజ అంటే ఖరగ్‌పూర్‌లో పెద్ద పండగ. ఆయన తన మెషీనుకి బొట్టు పెట్టి పూలదండ వేసేవారు. చిన్నప్పుడు నన్ను తీసుకెళ్లి చూపించేవారు. కానీ పూజ చేశానని మర్నాడు గేజ్ పక్కన పెట్టలేదు. కొలిచేవారు, తప్పుంటే వెనక్కి పంపేవారు. రైలు బండి బయల్దేరే ముందు బ్రేకులు పరీక్షించి, బ్రేక్ పవర్ సర్టిఫికెట్ అనే కాగితం మీద సంతకాలు చేస్తారు. అది చేతిలో పడ్డాకే డ్రైవరూ, గార్డూ బండి కదుపుతారు. ఇంజనుకి దండ వేసి ఉన్నా సరే, ఆ కాగితం కావాలి. వేలమంది ప్రాణాలు దండ మీద కాకుండా సంతకం మీద ఆధారపడాలని రైల్వే ఏనాడో నిర్ణయించుకుంది. సంతకం అంటే ఏమిటి? రేపు ఏదైనా జరిగితే, ఎవర్ని అడగాలో తెలిసి ఉండటం. నిమ్మకాయ మీద ఎవరి సంతకమూ ఉండదు. దాని సుఖం అదే.

అద్దె కొట్టుకి తిరిగి వెళ్లాను. ఇన్సూరెన్సు నాలుగు నెలల క్రితమే అయిపోయిందని తేలింది. యజమాని గొంతు మార్చకుండా, "అమ్మ దయ వల్ల మనిషి దక్కాడు కదా సార్, ఇంకా ఏం కావాలి?" అన్నాడు. నేను రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. దాని ఫలితం ఇంకా చూడాలి. ఒకటి మాత్రం గమనించాను. 'అమ్మ దయ' అన్న మాట పరామర్శకొచ్చిన వదినగారి నోట ఆప్యాయత. కొట్టు యజమాని నోట అదే మాట రసీదు, బాకీ చెల్లిపోయిందని. మూఢనమ్మకం పేదవాడి ఓదార్పు అని వాదించే మిత్రులు దీన్ని ఆలోచించాలి. ఓదార్పు పొందినవాడు ఒకడు, లాభపడినవాడు ఇంకొకడు.

ఇప్పుడు ముందు గుర్తుపెట్టుకోమన్న వాక్యం దగ్గరికొద్దాం. నేను ఒప్పుకున్నాను. తెల్ల ప్లేటు చూశాను, తేదీ లేని ఫొటో చూశాను, బ్రేకు ఆయిల్ ప్రశ్నకి జవాబు రాలేదని తెలుసు. జీవితమంతా ఇతరుల కాగితాల్లో ఇలాంటివే పట్టుకున్నవాణ్ని, సరదా ముందు నోరు మూసుకున్నాను. నిమ్మకాయని నమ్మలేదు కానీ, 'మూడు రోజులే కదా, ఏం కాదులే' అన్నదాన్ని నమ్మాను. ఆ 'ఏం కాదులే' కూడా ఒక నిమ్మకాయే. హేతువాదులం అని చెప్పుకునే మనం దాన్ని హ్యాండిలుకి కట్టుకోం, మెదడులో కట్టుకుంటాం.

అందుకే నాకు అమ్మవారి దయ వద్దు. దాన్ని ఒప్పుకుంటే కొట్టువాడితో పాటు నేనూ బయటపడిపోతాను. ఈ నష్టాన్ని మొదటి గడిలోనే రాస్తున్నాను: నిర్లక్ష్యం వల్ల. బాధ్యులు: అద్దెకిచ్చినవాడు, అద్దెకి తీసుకున్న పెద్దవాడు.

బండ్లు అద్దెకి తీసుకునే కుర్రాళ్లెవరైనా ఇది చదివితే ఒక్క పని చేయండి. నంబరు ప్లేటు రంగు చూడండి. ఇన్సూరెన్సు తేదీ మీ కళ్లతో చదవండి. ప్యాడ్లు ఎంత ఉన్నాయో, బ్రేకు ఆయిల్ ఏ రంగులో ఉందో చూపించమనండి. నవ్వితే నవ్వనివ్వండి, ఆ కొట్టు వదిలి ఇంకోచోటికి పొండి. కొండ దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి. కొత్త ఊళ్లకి తప్పకుండా వెళ్లండి. వెళ్లినచోట 'ఈ ఆఫ్-రోడ్ ఎంత దూరం' అని అడక్కండి. 'మీ ఊరికి రోడ్డు ఎప్పుడొస్తుందట' అని అడగండి.

మా ఆవిడ భక్తురాలు. మేం బయల్దేరిన రోజు దేవుడికి దణ్ణం పెట్టుకుంది, నేను అడ్డు చెప్పలేదు. కానీ గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, మావాడి హెల్మెట్ పట్టీ తనే లాగి బిగించింది. "వదులుగా ఉంటే పెట్టుకోనట్టేరా" అంది. వాడి ప్రాణం ఎవరి దయ వల్ల దక్కిందని మళ్లీ ఎవరైనా అడిగితే, ఆవిణ్ని చూపిస్తున్నాను.